పాత దీపాల కరెంటు పరీక్ష: నెల్లూరు, ప్రకాశం ఇళ్లవారు తరచుగా అడిగే ప్రశ్నలు

అటక మీంచి దించిన ఇత్తడి టేబుల్ లైటు, పాత మిద్దెలో గోడకున్న బ్రాకెట్ దీపం, లాంతరుకు హోల్డర్ బిగించి చేయించిన బెడ్ ల్యాంపు. ఇలాంటివి మళ్లీ వాడుకోవాలనుకునేవాళ్ల కోసం ఈ ప్రశ్నలు, జవాబులు. వీటిలో ఏ పరీక్షయినా ప్లగ్గు ఊడదీసిన తర్వాతే. టెస్టర్ పెట్టి చూడడం, సాకెట్‌కు సంబంధించిన పరీక్ష, ఈ రెండే కరెంటు ఉండగా చేసేవి. వాటిని విడిగా చెప్పాం.

బల్బు చక్కగా వెలుగుతోంది కదా, ఇంకా పరీక్ష దేనికి?

బల్బు వెలగడానికి రెండు తీగలు కలిస్తే చాలు. ఆ తీగల్లో ఒకటి దీపం ఒంటికి తగులుతోందా లేదా అన్నది బల్బు చెప్పదు. ఫేజు తీగ (కరెంటు వచ్చే తీగ) ఇత్తడి కాడకు ఆనుకుని ఉన్నా బల్బు అంతే వెలుగుతుంది.

60 వాట్ల బల్బు 230 వోల్టుల మీద తీసుకునేది 0.26 ఆంపియర్లు. అంత సన్నని కరెంటుకు ఏ వైరూ వేడెక్కదు. పాత దీపం వైరు పాడయ్యేది బల్బు వేడికి, వయసుకి. మామూలు పీవీసీ వైరు 70 డిగ్రీల సెల్సియస్ వరకే తట్టుకుంటుంది. షేడు లోపల తలకిందులుగా వేలాడే పాతరకం బల్బు దగ్గర హోల్డర్ వేడి అంతకు మించి పోతుంది. అందుకే వైరు బయట రెండు మీటర్లూ కొత్తదానిలా మెత్తగా ఉండి, హోల్డర్ దగ్గర రెండు మూడు అంగుళాలు మాత్రం అప్పడంలా పెళుసుబారి ఉంటుంది.

నూలు అల్లిక ఉన్న రబ్బరు వైరు ఇంకా మోసం చేస్తుంది. లోపల రబ్బరు పొడిపొడిగా రాలిపోయినా, పైనున్న నూలు ఆకారాన్ని నిలబెట్టి ఉంచుతుంది. చూసేవాళ్లకు వైరు బాగున్నట్టే కనిపిస్తుంది.

కొలిచే మీటరు లేకుండా ముందుగా ఏం చూడాలి?

ఎక్కువ లోపాలు కంటికీ చేతికీ దొరికేవే. కాబట్టి ఈ పనికి పావుగంట తీరిగ్గా కేటాయించండి. ప్లగ్గు తీసి, బల్బు విప్పి, దీపాన్ని పగటి వెలుతురులో బల్ల మీద పెట్టండి.

ప్లగ్గు నుంచి మొదలుపెట్టండి. త్రీపిన్ టాప్ మూత విప్పితే లోపల మూడు స్క్రూలూ బిగువుగా ఉండాలి. వైరు పై తొడుగు క్లిప్పు కింద బిగిసి ఉండాలి. తీగలు మాత్రమే స్క్రూలకు వేలాడుతుంటే ఒక్క లాగుడుకు ఊడిపోతాయి. పిన్నుల మొదట్లో గోధుమరంగు మాడిన గుర్తు ఉంటే టాప్ మార్చేయండి.

తర్వాత వైరును అంగుళం అంగుళం వేళ్ల మధ్య వంచుతూ రండి. పగుళ్లు, ఎలుక పళ్ల గాట్లు, జిగటబారిన చోట్లు, ఇన్సులేషన్ టేపు చుట్టిన అతుకులు, వీటిలో ఏది కనిపించినా వైరు మొత్తం మార్చాల్సిందే. టేపు మీద టేపు చుట్టడం మరమ్మతు కాదు. వైరు దీపంలోకి దూరే రంధ్రం దగ్గర రబ్బరు బుష్ (అంచుకు తొడిగే రింగు) ఉందా? లేకపోతే ఆ ఇత్తడి అంచు కత్తిలా పనిచేస్తుంది. దీపాన్ని జరిపిన ప్రతిసారీ వైరు పొట్టు కాస్త కాస్త ఒలుస్తుంది.

చివరగా హోల్డర్. పిన్ హోల్డర్‌లో రెండు స్ప్రింగు కడ్డీలూ వేలితో నొక్కితే లోపలికి పోయి మళ్లీ పైకి రావాలి. ఒకటి ఇరుక్కుపోతే కాంటాక్టు వదులై నిప్పురవ్వలు వస్తాయి. హోల్డర్ బేకలైట్ (నల్లటి గట్టి ప్లాస్టిక్) నల్లగా నిగనిగలాడాలి. బూడిదరంగు మచ్చలు, వెంట్రుకంత చీలికలు ఉంటే దాని ఆయుష్షు అయిపోయింది. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో హోల్డర్ విప్పితే స్క్రూల చుట్టూ పచ్చని చిలుము కనిపించడం మామూలే. గాలిలో ఉప్పు తేమతో కలిసి ఇత్తడిని తింటుంది. చిలుమును గీకి మళ్లీ బిగిస్తే కొన్నాళ్లకు అదే తంతు. కొత్త హోల్డర్ ఖరీదు తక్కువ, మార్చేయడమే మేలు.

ఇత్తడి దీపానికి రెండు పిన్నుల ప్లగ్గే ఉంది. వాడొచ్చా?

రేటింగు పట్టీ (వోల్టులు, వాట్లు రాసి ఉండే చీటీ) మీద ఒక చతురస్రంలో ఇంకో చతురస్రం ఉన్న గుర్తు కనిపిస్తే వాడొచ్చు. లోపల రెండంచెల ఇన్సులేషన్ ఉందని, ఎర్త్ (దారితప్పిన కరెంటును భూమిలోకి పంపే తీగ) అక్కర్లేదని ఆ గుర్తుకు అర్థం. ఆ గుర్తు లేని లోహపు దీపానికి రెండు తీగలే ఉంటే, మీ చేతికీ ఫేజుకూ మధ్య ఉన్నది ఒక్క పొర పాత రబ్బరు. అలాంటిదాన్ని మూడు తీగల వైరుతో ఎర్త్ చేయించకుండా వాడొద్దు. కడప బండల మీద తడిగుడ్డ పెట్టి తుడిచాక వట్టికాళ్లతో నిలబడి దీపం స్విచ్ వేసే ఇళ్లు మనవి. ఈ విషయంలో రాజీ పడకూడదు.

రెండు పిన్నుల ప్లగ్గుతో ఇంకో చిక్కు, అది తిరగేసి పెట్టినా పడుతుంది. స్క్రూ హోల్డర్‌లో ఫేజు అడుగున నడిమి కాంటాక్టుకు రావాలి, మరలున్న లోహపు చుట్టుకు న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) రావాలి. ప్లగ్గు తిరగబడితే ఆ మరల లోహపు చుట్టే ఫేజవుతుంది. బల్బు తిప్పేటప్పుడు వేలు తగిలేది సరిగ్గా అక్కడే.

ప్లగ్గే లేకుండా తీగలు సాకెట్లో దూర్చి అగ్గిపుల్లలు బిగించడం ఇప్పటికీ కనిపిస్తోంది. దయచేసి ఆ పని ఎవరూ చేయొద్దు.

దీపాన్ని ముట్టుకుంటే జిల్లుమంటోంది. "ఎర్త్ కొడుతోంది, ఏం కాదులే" అన్నారు. నిజమేనా?

కాదు. మన వాడుకలో "ఎర్త్ కొడుతోంది" అంటాం గానీ, అక్కడ అసలు లేనిది ఎర్తే. దీపం ఒంటికి చేరిన కరెంటు భూమిలోకి పోవడానికి తీగ దారి లేక, మీ ఒంటి గుండా పోతోంది.

మనిషికి జిల్లుమని తెలిసేది దాదాపు అర నుంచి ఒక మిల్లీ ఆంపియర్ (ఆంపియర్‌లో వెయ్యో వంతు) దగ్గర. 10 మిల్లీ ఆంపియర్ల దరిదాపుల్లో పట్టుకున్న చేయి వదలడం కష్టమవుతుంది. 30 దాటితే ఊపిరికి, గుండెకు ప్రమాదం. ఈరోజు కాలికి చెప్పులుండి, నేల పొడిగా ఉండి జిల్లుమన్న దీపమే రేపు తడి నేల మీద ప్రాణం తీయగలదు. వెంటనే ప్లగ్గు తీసి, లోపం దొరికేదాకా పక్కన పెట్టండి. ఎవరూ పొరపాటున పెట్టకుండా ప్లగ్గు మీద కాగితం అంటించండి.

ఎంసీబీ ఉంది కదా, షాక్ కొడితే పడిపోదా?

పడదు. ఎంసీబీ అంటే కరెంటు మరీ ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్. 6 ఆంపియర్ల ఎంసీబీ చూసేది వైరు వేడెక్కుతుందా అన్నదే. మనిషికి హాని చేసే 30 మిల్లీ ఆంపియర్లు దానికి లెక్కలోకే రావు. మనిషి కోసం ఉన్నది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు పక్కదారి పడితే పడిపోయే స్విచ్. ఎర్త్ లేని దీపంతో అది కూడా ముందుగా పడదు. ఎవరైనా ముట్టుకుని, కరెంటు వాళ్ల గుండా పోయినప్పుడే పడుతుంది. ఎర్త్ ఉన్న దీపంలో అయితే లోపం వచ్చిన క్షణమే, ఎవరూ ముట్టుకోకముందే పడిపోతుంది. ఈ రెండూ జంటగా ఉంటేనే అసలైన రక్షణ. ఆర్‌సీసీబీ మీదున్న టెస్ట్ మీట నెలకోసారి నొక్కి చూడండి.

టెస్టర్ పెట్టి చూస్తే సరిపోదా?

టెస్టర్ ఒక అనుమానం చెబుతుంది, తీర్పు చెప్పదు. పక్కన నడిచే ఫేజు వైరు ప్రభావంతోనే ఎర్త్ లేని లోహం మీద టెస్టర్‌లోని నియాన్ దీపం మసకగా వెలగొచ్చు. మీరు ప్లాస్టిక్ స్టూలు మీద, రబ్బరు చెప్పులతో ఉంటే నిజంగా ఫేజు ఉన్నచోట కూడా సరిగా వెలగకపోవచ్చు. వెలిగితే ప్లగ్గు తీసేయండి. వెలగలేదని మాత్రం బాగుందనుకోవద్దు.

మామూలు మల్టీమీటరుతో ఇంట్లో ఏం పరీక్షించుకోవచ్చు?

మూడు పరీక్షలు చేసుకోవచ్చు. ముందుగా మీటరు మొనలు రెండూ కలిపి ఓమ్‌లలో చూడండి. 0.2 నుంచి 0.4 దాకా చూపిస్తుంది. అది మొనల వైర్ల నిరోధం, తర్వాతి రీడింగు నుంచి దాన్ని తీసేయాలి.

1. ఎర్త్ తీగ: ఒక మొన ప్లగ్గు పెద్ద పిన్నుకు, రెండోది దీపం లోహానికి. 0.75 చదరపు మి.మీ. రాగి తీగ రెండు మీటర్లకు 0.05 ఓమ్ ఉంటుంది. మొనల నిరోధం తీసేశాక 0.5 దాటితే ఎక్కడో వదులు జాయింటు ఉంది. మొనను లక్క పూసిన ఇత్తడి మీద పెడితే ఏమీ చూపించదు, అది లోపం కాదు. రంగులేని స్క్రూ తల మీద పెట్టండి. కాడ, అడుగు పళ్లెం, షేడు పట్టే తీగ, అన్నిటి మీదా వేరువేరుగా చూడండి. వైరు కదుపుతూ చూస్తే తెగీతెగని తీగ కూడా బయటపడుతుంది.

2. షార్టు: బల్బు తీసి, దీపం స్విచ్ ఆన్‌లో పెట్టి, చిన్న పిన్నులు రెండింటి మధ్య చూడండి. ఏ రీడింగూ రాకూడదు. పాతరకం 60 వాట్ల బల్బు పెట్టి చూస్తే 60, 70 ఓమ్‌లు చూపిస్తుంది. వెలిగినప్పుడు అదే ఫిలమెంటు 880 దాకా పోతుంది కాబట్టి ఈ తక్కువ రీడింగు చూసి కంగారుపడొద్దు. ఎల్ఈడీ బల్బుతో ఈ రీడింగు రాదు.

3. తీగ దీపం ఒంటికి తగలడం: చిన్న పిన్నులు ఒక్కొక్కటీ, దీపం లోహమూ. ఇక్కడా ఏ రీడింగూ రాకూడదు.

మూడో పరీక్ష పాసైనా పూర్తి నమ్మకం లేదు. మల్టీమీటరు పంపేది బ్యాటరీ వోల్టేజీ, కొన్ని వోల్టులే. చీలిన ఇన్సులేషన్‌లోని సన్నని సందును ఆ కొద్ది వోల్టులు దాటలేవు, 230 వోల్టులు దాటేస్తాయి. అందుకే మెగ్గర్ కావాలి.

మెగ్గర్ పరీక్ష ఎలా చేస్తారు? ఎంత రావాలి?

మెగ్గర్ 500 వోల్టుల డీసీ పంపి ఇన్సులేషన్ నిరోధం కొలుస్తుంది. మోటార్లు చుట్టే షాపుల్లోనూ, లైసెన్సున్న వైరింగ్ కాంట్రాక్టర్ల దగ్గరా ఉంటుంది. దీపాన్ని అక్కడికి తీసుకెళ్లడమే సులువు.

బల్బు, డిమ్మర్ (వెలుగు తగ్గించే మీట) ఉంటే అదీ తీసేయాలి, లేకపోతే 500 వోల్టులకు వాటిలోని సర్క్యూట్ దెబ్బతినొచ్చు. ఫేజు, న్యూట్రల్ పిన్నులు రెండూ కలిపి ఒక మొన, ఎర్త్ పిన్ను లేదా దీపం లోహం రెండో మొన. ఒక నిమిషం ఆగి రీడింగు చూడాలి. దీపం స్విచ్ తప్పకుండా ఆన్‌లో ఉండాలి. అందరూ మరిచిపోయేది ఇదే. స్విచ్ ఆఫ్‌లో ఉంటే ఫేజు వైపు స్విచ్ దాకానే పరీక్ష జరుగుతుంది, అసలు జబ్బున్న హోల్డర్ వైపు తీగ బయటపడదు.

ఎర్త్ ఉన్న దీపానికి కనీసం 1 మెగా ఓమ్ (పది లక్షల ఓమ్‌లు), జంట చతురస్రాల గుర్తున్నదానికి కనీసం 2 మెగా ఓమ్‌లు రావాలన్నది పరీక్షకులు పాటించే హద్దు. 1 మెగా ఓమ్ అంటే 230 వోల్టుల మీద 0.23 మిల్లీ ఆంపియర్ల లీకేజీ, చేతికి తెలియనంత. కానీ బాగున్న వైరు, హోల్డర్ ఉన్న దీపం 100 దాటి చూపిస్తుంది. రెండు, మూడు మెగా ఓమ్‌ల దగ్గర ఆగిందంటే పాసే గానీ, హోల్డర్ విప్పి కారణం వెతకమని మా సలహా. చెక్క, పింగాణీ దీపాలకు చేయి పట్టే చోట వంటింటి అల్యూమినియం రేకు చుట్టి, రెండో మొన దానికి తగిలిస్తారు.

వేసవిలో బాగానే వచ్చింది, నవంబరులో అర మెగా ఓమ్ చూపించింది. పాడైనట్టేనా?

ముందు ఆరబెట్టి చూడండి. మనకు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఆ రోజుల్లో నూలు అల్లిక, హోల్డర్‌లో పేరుకున్న దుమ్ము, ఉప్పు తేమను పీల్చుకుంటాయి. హోల్డర్ విప్పి పొడి బ్రష్‌తో దులిపి, రెండు రోజులు ఎండలోనో ఫ్యాను కిందో ఉంచి మళ్లీ కొలవండి. పదుల మెగా ఓమ్‌లకు ఎక్కితే అది తేమ. అక్కడక్కడే ఉంటే ఇన్సులేషన్ పోయింది. తేమే అని తేలినా నూలు వైరును మాత్రం మార్చండి, వచ్చే వానలకు మళ్లీ ఇదే జరుగుతుంది.

పండక్కి ఇత్తడి దీపాన్ని చింతపండుతో తోమొచ్చా?

వైరు, హోల్డర్ పూర్తిగా విప్పేశాక నిరభ్యంతరంగా తోమండి. బిగించి ఉండగా మాత్రం వద్దు. పండగలకు తోమిన దీపాలు ఆ తర్వాత షాక్ కొట్టడానికి కారణం ఇదే. చింతపండు పులుసు, దానికి కలిపిన ఉప్పు కాడ పైనుంచి హోల్డర్ మరల్లోకి, అక్కణ్ణుంచి వైరు వెంట లోపలికి దిగుతాయి. నీళ్లు ఆరిపోతాయి గానీ ఉప్పు, పులుపు పొరలా మిగిలిపోతాయి. రాత్రి చల్లగాలికి ఆ పొర చెమ్మగిల్లితే ఫేజు స్క్రూ నుంచి ఇత్తడి దాకా కరెంటుకు దారి వేసినట్టే. విప్పిన లోహాన్ని మంచినీళ్లతో రెండుసార్లు కడిగి, కాడ గొట్టంలోంచి పొడిగుడ్డ లాగి, ఒక రోజంతా ఎండబెట్టాకే బిగించండి. విప్పే ఓపిక లేకపోతే ప్లగ్గు తీసి పొడిగుడ్డతో తుడవడంతో సరిపెట్టుకోండి.

దీపం సరే, మా సాకెట్‌లోనే ఎర్త్ ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

ఇది కరెంటు ఉండగా చేసే పరీక్ష. అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. మల్టీమీటరును ఏసీ 750 లేదా 600 వోల్టుల మీద పెట్టాలి. సాకెట్‌కు ఎదురుగా నిలబడితే పైన పెద్ద రంధ్రం ఎర్త్, కుడివైపు ఫేజు, ఎడమవైపు న్యూట్రల్. ఫేజు-న్యూట్రల్ మధ్య 230 దరిదాపు, ఫేజు-ఎర్త్ మధ్య దాదాపు అంతే, న్యూట్రల్-ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టులు ఉండాలి. న్యూట్రల్-ఎర్త్ మధ్య ఎప్పుడు చూసినా కచ్చితంగా సున్నా వస్తుంటే సాకెట్ విప్పించండి. ఎర్త్ తీగ లాగలేక న్యూట్రల్‌నే ఎర్త్ పిన్నుకు ముడివేసి ఉండొచ్చు. ఎక్కడైనా న్యూట్రల్ తెగిన రోజు ఆ సాకెట్‌కున్న ప్రతి లోహపు వస్తువుకూ 230 వోల్టులు వచ్చేస్తాయి.

వోల్టేజీ సరిగా చూపించినా ఎర్త్ గుంత (ఎర్త్ తీగను భూమిలో కలిపే చోటు) బలహీనంగా ఉండొచ్చు. మార్కాపురం, కనిగిరి, పొదిలి వైపు రాతినేలల్లో ఎండాకాలం గుంత ఎండిపోతుంది. ఎర్త్ నిరోధం 20 ఓమ్‌లు అయితే ఫేజు పూర్తిగా దీపం ఒంటికి తగిలినా పారేది 11.5 ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఎంసీబీ కదలదు, దీపం కరెంటుతో అలాగే ఉంటుంది. గుంతలో నీళ్లు పోస్తూ ఉండాలి, ఆర్‌సీసీబీ తప్పనిసరిగా పెట్టించాలి.

గోడ దీపం స్విచ్ ఆపినా ఎల్ఈడీ మిణుకుమిణుకుమంటోంది. ఎందుకు?

స్విచ్‌లో ఎర్ర ఇండికేటర్ ఉంటే దానిగుండా వచ్చే కొద్ది కరెంటు కావచ్చు. అది లేకపోతే మొదట అనుమానించాల్సింది, స్విచ్ న్యూట్రల్ మీద ఉందేమోనని. పాత వైరింగులో ఇది కనిపిస్తుంది. అలా ఉంటే స్విచ్ ఆపినా హోల్డర్‌లో ఫేజు నిలిచే ఉంటుంది. సరిచేయించేదాకా మెయిన్ ఆపకుండా బల్బు మార్చొద్దు.

వైరు మార్చాలంటే ఏం సామాను కొనాలి? ఎలా బిగించాలి?

ఐఎస్ఐ గుర్తున్న మూడు తీగల గుండ్రటి ఫ్లెక్సిబుల్ వైరు, 0.75 చదరపు మి.మీ., రెండున్నర మీటర్లు. 6 ఆంపియర్ల త్రీపిన్ టాప్. పింగాణీ లేదా ఇత్తడి హోల్డర్. రంధ్రానికి సరిపోయే రబ్బరు బుష్. ఎర్త్ కోసం రింగు థింబుల్ (తీగ కొసకు బిగించే లోహపు రింగు), పళ్లవాషరు, 4 మి.మీ. స్క్రూ, నట్టు. పాతరకం బల్బే వాడతామంటే హోల్డర్ దగ్గర తీగలకు ఫైబర్‌గ్లాస్ స్లీవ్.

కొత్త వైరులో గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రల్, ఆకుపచ్చ, పసుపు చారలది ఎర్త్. పాతదానిలో ఎరుపు, నలుపు, ఆకుపచ్చ. రెండూ కలిసే చోట తికమక పడొద్దు. ఎర్త్ తీగను మిగతా రెండింటికంటే రెండు మూడు సెం.మీ. పొడవుగా వదలండి, వైరును ఎవరైనా లాగేస్తే చివరిగా ఊడేది అదే కావాలి. థింబుల్ కింద రంగు, లక్క గీకి మెరిసే లోహం మీద బిగించండి. తీగ కొసలు 6 నుంచి 8 మి.మీ. ఒలిచి, మెలిపెట్టి, రెండుగా మడిచి స్క్రూ కింద పెట్టండి. టంకం పూయొద్దు, స్క్రూ ఒత్తిడికి టంకం మెల్లగా జరిగి కొన్నాళ్లకు వదులవుతుంది. దీపం లోపల వైరుకు ముడివేసి ఆపడం పాత అలవాటు. దీపాల ప్రమాణాలు దాన్ని ఒప్పుకోవు, పట్టు క్లిప్పే వాడాలి. దీపానికి సొంత స్విచ్ ఉంటే అది గోధుమరంగు తీగ మీదే రావాలి. చివర్లో పై పరీక్షలన్నీ మళ్లీ చేయాలి.

లాంతరుకు హోల్డర్ పెట్టించాం. దానికీ ఇవన్నీ అవసరమా?

ఇంకా ఎక్కువ అవసరం. కరెంటు కోసం చేసిన వస్తువు కాదది. రేకుకు మేకుతో చేసిన రంధ్రం అంచులు లోపలివైపు ముళ్లలా లేచి ఉంటాయి. ఆకురాయితో అరగదీసి బుష్ వేయాలి. కిరసనాయిలు వాసన ఇంకా వస్తుంటే డబ్బా సబ్బునీళ్లతో కడిగి, వాసన పోయేదాకా ఎండబెట్టాలి.

ఎల్ఈడీ వేస్తే పాత వైరు ఉంచేయొచ్చా?

9 వాట్ల ఎల్ఈడీ వేడిని బాగా తగ్గిస్తుంది, ఇకపై జరిగే నష్టం ఆగుతుంది. ఇప్పటికే పెళుసుబారిన ఇన్సులేషన్ తిరిగి మెత్తబడదు. వైరు ఉంచాలా తీయాలా అన్నది పరీక్షను బట్టే.

పాత ట్యూబులైటు పట్టీల సంగతి?

రేకు పట్టీకి ఎర్త్ ఉందో లేదో చూడండి, చోక్ దగ్గర తీగలు మాడాయేమో చూడండి. కెపాసిటర్ ఉంటే మెయిన్ ఆపాక కూడా ఛార్జి నిలిచి ఉంటుంది, వెంటనే ముట్టుకోవద్దు. మరమ్మతు కంటే ఎల్ఈడీ పట్టీతో మార్చుకోవడం తెలివైన పని.

వరద నీళ్లలో మునిగిన దీపం ఆరబెట్టి వాడొచ్చా?

లోహం, గాజు, పింగాణీ ఉంచుకోండి. వైరు, హోల్డర్, స్విచ్, ప్లగ్గు పారేయండి. 2021 నవంబరులో పెన్నా వరద చూసినవాళ్లకు ఆ నీళ్లు ఎంత ఒండ్రు వదిలాయో తెలుసు. స్విచ్ లోపల చేరిన ఒండ్రు ఎంత ఎండబెట్టినా పోదు, తేమ తగిలితే మళ్లీ కరెంటు మోస్తుంది.

ఎన్నాళ్లకోసారి పరీక్షించాలి?

చూపు పరీక్ష, ఎర్త్ పరీక్ష ఏడాదికోసారి, సెప్టెంబరులో, వానలకు ముందు. మెగ్గర్ రెండేళ్లకోసారి, సముద్రం దగ్గర ఇళ్లకు ఏటా. కింద పడ్డా, తడిసినా, వైరు మార్చినా గడువుతో పనిలేదు, వెంటనే. తేదీ, రీడింగు కాగితం మీద రాసి అడుగు పళ్లెం కింద అంటించండి. 80 మెగా ఓమ్‌లు ఉన్నది తర్వాతిసారి 12కి పడిందంటే, హద్దు దాటకపోయినా ఆ దీపం చెడుతోందని అర్థం.

ఎవరైనా దీపం పట్టుకుని వదల్లేకపోతే?

వాళ్లను ముట్టుకోవద్దు. మెయిన్ ఆపండి, లేదా ప్లగ్గు అందుబాటులో ఉంటే పీకేయండి. రెండూ కుదరకపోతే పొడి చెక్కతో దీపాన్ని తోసేయండి. తర్వాత 108కి ఫోన్ చేయండి. ఊపిరి లేకపోతే అంబులెన్సు వచ్చేదాకా ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి. లేచి బాగానే ఉన్నా, కాసేపు స్పృహ తప్పి లేచినా, ఛాతీలో నొప్పి చెప్పినా అదే రోజు ఆస్పత్రిలో ఈసీజీ తీయించండి.